ఎవరి కందులు

యాపలదిన్నిలో నారప్పను నారప్ప అని పిలిచేది ఓట్లప్పుడు వచ్చే ఆఫీసర్లు మాత్రమే. ఊరికి ఆయన నోరప్ప. మారింది ఒక్క అక్షరమే గాని, మనిషి మొత్తం ఆ అక్షరంలోనే ఉన్నాడు. పెళ్ళికి పోతే విస్తరి వేయకముందే మాట వడ్డించాలి. చావుకి పోతే ఏడ్చేవాళ్ళు ముక్కు చీదుకొని ఒకసారి నవ్వి మళ్ళీ ఏడవాలి. పంచాయతీవాళ్ళు నల్లాలు పెట్టించి నీళ్ళు వదలకపోతే, "నల్లాలన్నీ తెల్లమొహం ఏసినయి" అని ఆయన అన్న మాట పక్క ఊళ్ళకి కూడా పారింది. నీళ్ళు మాత్రం ఈ ఊరికే పారలేదు.

అంత పెద్ద నోరున్నవాడు ఒక చిన్న మాటను లోపల పెట్టుకొని తిరుగుతున్నాడు. ఆ మాట కందిగింజంత. గొంతులో మాత్రం గుండ్రాయంత.

సంగతి ఇది. ఊరి పక్కనుంచి రాయచూరు రోడ్డు బాగుపడినప్పటి నుంచి యాపలదిన్నిలో కల్లాలు కనబడకుండా పోయాయి. రోడ్డే కల్లం. కంది కోతలయ్యాక కాయలతో ఉన్న కట్టెను తెచ్చి తారు మీద సగం మేర పరుస్తారు. మిగిలిన సగంలో తలకాయంత రాళ్ళు పేర్చి పెడతారు, వచ్చే బండి తప్పించుకొని పక్కనుంచి పోకుండా. ఇక బస్సు, లారీ, ట్రాక్టరు, పెళ్ళి వ్యాను, ఏది వచ్చినా కంది మీదుగా తొక్కుకుంటూ పోవాల్సిందే. "ఎద్దుకు గడ్డెయ్యాలె, మిషనుకు వంతు పట్టాలె, లారీకి దండం పెడితె చాలు" అనేవాడు నారప్ప. పోలీసులు ఏటా వచ్చి తిడతారు. వాళ్ళ జీపు కూడా కంది మీదుగానే పోతుంది.

మొన్నటి కంది కోతల్లో ఒక మిట్టమధ్యాహ్నం నారప్ప తన కంది పరిచి కాలువ మీది మోరీ గోడ మీద కూర్చున్నాడు. పొలాల్లో వాళ్ళంతా బువ్వలకి చెట్ల కిందికి చేరారు. రాయచూరు వైపునుంచి కందుల మూటలతో లారీ ఒకటి వచ్చింది, సరిహద్దు అవతల పప్పుమిల్లుకి పోయేది. దాని వెనక కొంచెం ఎడంగా స్కూటీ మీద సుమంగళ వస్తోంది. ఆమె ఊరి అంగన్‌వాడీ టీచరు, ఏదో మీటింగుకి పోయి తిరిగి వస్తోంది. లారీ కందికట్టె మీదికి ఎక్కింది. వెనక టైరు ఒక రాయెక్కి దిగింది. బండి ఊగింది, తాడు వదులైంది, అయినా లారీ ముందుకు పోతూనే ఉంది. దాని వెనక స్కూటీ కట్టె మీదికి వచ్చింది. కట్టె కింద రాలిన గింజలు గోళీల్లా దొర్లాయి. సుమంగళ జారి వెళ్ళి రాళ్ళ మీద పడింది. ఆమె పడిన తర్వాతే, దూరంగా ముందుకు పోయిన లారీ మీంచి మూటలు జారి, పగిలి, కందులు రోడ్డంతా పరుచుకున్నాయి.

ముందు పడింది టీచరమ్మ. తర్వాత పడ్డవి మూటలు. ఈ వరుస చూసినవాడు భూమ్మీద నారప్ప ఒక్కడే.

చప్పుడికి జనం ఉరికొచ్చారు. తొడ ఎముక విరిగిన సుమంగళను ఆటోలోకి ఎక్కించే పనిలో అందరూ ఉండగా, నారప్ప పంగలకర్ర తీసుకొని తన కందికట్టెను గబగబా కాలువలోకి ఎత్తి వేశాడు. రాళ్ళను కాలితో దొర్లించాడు. గింజలను చెక్కపలకతో లారీ కందుల వైపు నెట్టాడు. ఎందుకు నెట్టాడో అప్పటికి ఆయనకే తెలియదు. చేతులకి తెలిసింది. ఇంతలో డ్రైవరు దిగి వచ్చి, పగిలిన మూటలు చూసి, ఆటోలో మూలుగుతున్న మనిషిని చూసి, నిలబడ్డచోటే చేతులు జోడించాడు. జనం అతని వైపు తిరిగారు. చెప్పాల్సిన నోరు చెప్పలేదు గాని చెయ్యి లేచింది. అందరికంటే ముందు ఆ డ్రైవరు చెంప మీద కొట్టింది నారప్పే.

తర్వాత ఊరు బుట్టలతో దిగింది. లారీ మీంచి పడ్డ సరుకు చేతికి దొరికినవాళ్ళది, ఆ రోడ్డు వెంట అదే న్యాయం. ఆ ఎత్తుకోవడంలో నారప్ప కందులు కూడా పోయాయి. పక్కింటి రంగవ్వ ఆయన కళ్ళెదుటే ఆయన కందులను కొంగులోకి తోడుకుంటూ, "ఏందయ్య నోరప్ప, నువ్వు ఎత్తుకోవా, సిగ్గా?" అంది. నావి అనడానికి నోరు రాలేదు. నావి అంటే అన్నీ నావే అవుతాయి. ఏడాది పంట కళ్ళ ముందే పోతుంటే నవ్వుతూ నిలబడ్డాడు.

పోలీసు వచ్చి, కందులు చూపించి అడిగాడు. "ఈ తొగరి ఎక్కడినుంచి పడిందయ్యా?"

"మొగులు మీంచి వాన పడ్తది సార్. లారీ మీంచి తొగరి పడ్తది" అన్నాడు నారప్ప. జనం నవ్వారు. పోలీసూ నవ్వి అదే రాసుకున్నాడు. అబద్ధమని ఎవరూ పట్టుకోలేని మాట అది. నిజమని తను కూడా పట్టుకోలేడు. నారప్ప ప్రత్యక్ష సాక్షి అయ్యాడు, లారీ డ్రైవరు రంగా ముద్దాయి అయ్యాడు.

వారం రోజులు ఊరంతా పప్పు ఉడికింది. సాక్ష్యానికి అలా ఇంటింటా తాలింపు పడింది. భార్య మద్దమ్మ కంచంలో పప్పు పోస్తే నారప్ప చెయ్యి పెట్టలేదు.

"రంగవ్వ ఇచ్చిన కందులే. తిను" అంది మద్దమ్మ. కంచం ముందుకు జరిపి, "మనవి ఏమైనయి?" అని అడిగింది.

"అవి గూడ కలిసిపోయినయి."

మద్దమ్మ గరిటె గిన్నెలో గట్టిగా పెట్టింది, అంతే. నోరున్నవాడి పెళ్ళాం గరిటెతో మాట్లాడుతుంది.

సుమంగళ ఆసుపత్రి నుంచి తొడలో రాడ్డుతో ఇంటికి వచ్చింది. ఆ రోజునుంచి నారప్ప తన బర్రె పాలు చెంబుతో తీసుకుపోయి ఆమెకి ఇవ్వడం మొదలుపెట్టాడు, చెంబుతో పాటు ఒక చమత్కారం కూడా. "టీచరమ్మ, బొక్కకు బొక్క అతకాలంటె పాలు తాగాలె. ఆకలైతె చెప్పు, బర్రెను గూడ పంపిస్త." ఆమె మంచం మీంచి నవ్వేది. పొట్ట కదిలితే తొడ నొస్తుందని పొట్ట పట్టుకొని నవ్వేది. ఊరు మెచ్చుకుంది. నారప్పకి ఆ మెప్పు మజ్జిగలో ఈగలా కనబడేది. తీసి పారెయ్యలేడు, మింగలేడు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున రంగా వచ్చాడు. మక్తల్ పక్క పల్లె అతనిది, ముప్పై దాటని మనిషి. పేరులో ఉన్న రంగు ముఖంలో లేదు.

"కాక, గుర్తుపట్టినవా?"

గుర్తుపట్టకేం. ఆ చెంప నారప్ప అరచేతిలో ఇంకా ఉంది. "రా బిడ్డ, కూసో" అన్నాడు.

"ఆ దినం నువ్వు లేకుంటె నేను సచ్చిపోదును కాక. నువ్వు ముందుగాల ఒక్కటి కొట్టినవు గనక మిగతావోళ్ళు ఆగిండ్రు. మా అమ్మకు గూడ చెప్పిన, ఒక పెద్దమనిషి కొట్టి బతికిచ్చిండని."

నారప్ప ముఖం కందింది. కందికి ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆయనకి అప్పుడే తెలిసింది.

"టీచరమ్మను ఒక్కసారి చూసి మాఫీ అడగాలె కాక. ఒక్కణ్ణే పోవాలంటె కాళ్ళు వస్తలేవు. నువ్వు తోలుకపో."

"వచ్చే వారం కోర్టుల నా సాక్ష్యం ఉంది గద" అన్నాడు నారప్ప, ఏదో ఒకటి అనాలని.

"ఉన్నది ఉన్నట్టె చెప్పు కాక. నా కోసమని మార్చకు. తాడు కట్టింది హమాలీలే, గాని బండి కదిలినంక జిమ్మేదారి డ్రైవరుదే. లైసెన్సు పోతదంటుండ్రు. పోతే పోనీ. ఆ అమ్మ నడిస్తె చాలు."

ఇద్దరూ నడిచారు. మోరీ దగ్గర రంగా ఆగాడు. కాలువలో నారప్ప దొర్లించిన రాళ్ళు అలాగే పడి ఉన్నాయి.

"ఎనక టైరు ఒక రాయెక్కింది కాక. అయి ఎవరి రాళ్ళో."

"ఊరివి" అన్నాడు నారప్ప.

ఊరికే అన్నాడు, ఊరి మీద అన్నాడు. ఒక అబద్ధం మీద ఇంకో అబద్ధం పెడితే గోడవుతుందని అనుకుంటాం గాని, గొయ్యే అవుతుంది.

సుమంగళ మంచం మీద దిండుకి ఆనుకొని కూర్చుంది. పక్కన నడక స్టాండు. భర్త అంబరీష్ గడప దగ్గర చెప్పులు వేసుకోబోతూ ఆగాడు.

"ఏంది కాక, పొద్దున పాలు ఇచ్చిపోతివి, మల్ల వచ్చినవు. నీళ్ళు కలపడం మరిచినవా?" అంది సుమంగళ.

నారప్ప నవ్వలేదు. పక్కనున్న మనిషిని చూసి ఆమె ఎవరో అర్థం చేసుకునేలోపు రంగా మంచం కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"నా గలతి అక్క. మాఫ్ చెయ్యి."

"లే తమ్మి, లే. కావాలని చేస్తివా ఏంది." సుమంగళ అతని వైపు చెయ్యి చాచింది. "ఓనరు రాలే, మిల్లోడు రాలే. నువ్వన్న వచ్చినవు."

అంబరీష్ కూడా మెత్తబడ్డాడు. "మాకు నీ మీద కోపం లేదు తమ్మి. మా లాయరు గురురాజ్ సారు చెప్పిండు, సరుకు పడితె బండిది తప్పు, బండి తప్పైతె కట్టేది బీమావోడు. బీమా ఉంటె భీముడు ఉన్నట్టే అన్నడు. నారప్ప కాక ఒక్క మాట కోర్టుల చెప్తె అయిపాయె. ఇంకోసారి ఆపరేషను ఉంది ఈమెకు, అది గూడ అందుల్నె."

"ఒక్క ఈ తమ్మిదే తప్పని నేను గూడ అనను" అంది సుమంగళ. "లారీ ఎనక ఎడం పెట్టి రావాలె. ఎట్ల పడ్డనో నాకు యాదికి లేదు, దగ్గర దగ్గరనె వస్తుంటినేమో. పండుకొని దినాం అదే అనుకుంట, నా తప్పేనేమో అని."

నారప్ప గోడకి ఆనుకున్నాడు. ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఒక తప్పును నాదంటే నాదని పంచుకుంటున్నారు. మూడోవాడి తప్పును. అసలువాడు పాలు పోసి పెద్దమనిషై నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మ, అయి నా కందులు" అన్నాడు.

అంబరీష్ నవ్వాడు. "లారీ కందులు గూడ నీవేనా కాక? మిల్లోడు ఇంటె ఏడుస్తడు."

"నగకు అంబరీషా. నేను నగిస్తలేను." నారప్పకి తన గొంతు తనకే కొత్తగా వినబడింది. అందులో ఎగుడు లేదు, దిగుడు లేదు. "కంది నేను పరిచిన. రాళ్ళు నేను పెట్టిన. టీచరమ్మ జారింది నా గింజల మీద. ఆమె పడ్డంకనె, అంత దూరంల మూటలు పడ్డయి. చూసింది నేనొక్కణ్ణే. మీరంత ఆమెను ఎత్తుతుంటె నేను కంది ఎత్తిన. గింజలు లారీ దిక్కు నెట్టిన." రంగా వైపు చూడకుండానే, "కొట్టింది గూడ అందుకే. నిన్ను బతికియ్యనీకె కాదు బిడ్డ" అన్నాడు.

జీవితంలో మొదటిసారి నారప్ప తన మాటకి ఎవరూ నవ్వని చప్పుడు విన్నాడు.

ముందు తేరుకున్నవాడు అంబరీష్. "సుమ్నె, ఊకె ఉండు కాక. ఎవరన్న అడిగిండ్రా నిన్ను? పొద్దంత తెరిచే నోరు ఆ దినం తెరువకపోతివి. ఇంకొక్క వారం మూసుకుంటె ఏం పోతుండె? ఇప్పుడు గీ మాట చెప్తె బీమావోడు చేతులు కడుక్కుంటడు. ఈమె కాలు ఎవరు చూస్తరు, నీ బర్రె చూస్తదా?"

రంగా నెమ్మదిగా లేచాడు. చెయ్యి చెంప మీదికి పోయింది, ఆ దెబ్బ ఇప్పుడే తగిలినట్టు. "మా అమ్మ దినాం దీపం ముంగట నీ పేరు చెప్పి మొక్కుతది కాక" అన్నాడు. తిట్టలేదు. సుమంగళకి దండం పెట్టి, నారప్ప పక్కనుంచి, గాలి పక్కనుంచి పోయినట్టు బయటికి వెళ్ళిపోయాడు.

సుమంగళ గోడవైపు చూస్తూనే, "చెంబు ఆడ కిటికీల ఉంది. తీస్కపో. రేపటిసంది పాలు తేకు" అంది.

"కోర్టుల చెప్పాల్నా వద్దా టీచరమ్మ?"

ఆమె తల తిప్పి ఆయన్ని చూసింది. "అది గూడ నన్నే అడుగుతవా?"

నారప్ప చెంబు తీసుకున్నాడు. అడుగున పొద్దుటి పాలు కొన్ని మిగిలి మీగడ కట్టి ఉన్నాయి. దారి పొడుగునా ఎదురైనవాళ్ళు "ఏం నోరప్ప, ఖాళీ చెంబుతోని ఎటు పోయొస్తున్నవు?" అని అడుగుతూనే ఉన్నారు. ఖాళీ చెంబు మీద చెప్పడానికి ఆయన దగ్గర పాత చమత్కారాలు బోలెడున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

ఇంట్లో మద్దమ్మకి చెప్పాడు. ఆమె రొట్టె చరుస్తూనే విన్నది. "ఆ దినమె ఎరుక నాకు" అంది. "కందికట్టె కాలువల ఎవరు ఏస్తరు? కట్టెకు పిచ్చిదాన్ని నేను, పొయ్యిలకు కావాలె. పోయి తీసుకొస్తి. నీ నోరు ఊరికి ఇడిసినవు, ఇంట్ల తాళమేసినవు. రేపు కోర్టులనన్న తెరువు."

"ఇజ్జత్ పోతది మద్దమ్మ."

"ఉన్నదనుకున్నవా?"

రాయచూరు కోర్టులో నారప్పను బోనెక్కించారు. ఊరినుంచి పదిమంది వచ్చారు, న్యాయం కోసం కాదు, నోరప్ప కోర్టులో ఏమంటాడో విందామని. సర్కారు వకీలు వాళ్ళ ముఖాలు చూసి తనూ కొంచెం నవ్వు సిద్ధం చేసుకున్నాడు.

"రోడ్డు మీద కందులు ఎక్కడినుంచి పడ్డాయి?"

మొగులు, వాన, లారీ, అన్నీ నాలుక మీదికి వచ్చి వరుసగా నిలబడ్డాయి. నారప్ప వాటిని మింగాడు.

"పడలే సార్. నేను పరిచిన."

వెనక ఎవరో అలవాటు కొద్దీ కిసుక్కుమన్నారు. అంతే, ఇంకెవరూ అందుకోలేదు. అడిగినదానికల్లా నారప్ప ఒక్కొక్క మాటే చెప్పాడు. రాళ్ళెవరివి? నావి. లారీ మూటలు ఎప్పుడు పడ్డాయి? ఆమె పడ్డంక. మొదట పోలీసుకి ఎందుకు చెప్పలేదు? ఇక్కడ మాత్రం ఆగాడు. చూపు నేల మీద వెతుక్కుంది. "భయం సార్" అన్నాడు. తర్వాత, "నగిస్తి, నగిండ్రు, సరిపోయింది అనుకుంటి" అన్నాడు.

కల్లంలో గింజా పొట్టూ వేరు చెయ్యడం ఆయనకి తెలుసు, గాలికి ఎగరేస్తే చాలు. ఆ రోజు నోట్లో మాటలన్నీ ఎగరేస్తే మిగిలినవి అవే.

బయట వరండాలో సుమంగళ వాళ్ళ లాయరు గురురాజ్ ఆయన్ని ఆపాడు. "సాక్షిగా లోపలికి పోయి ప్రతివాదిగా బయటికి వచ్చినవయ్య నారప్పా. బీమావాడు ఇంక నీ మాట పట్టుకొని జారుకోవాలని చూస్తాడు. రాయి కనబడినా ఆగకుండా ఎక్కించినందుకు లారీది కొంతైనా తప్పుందని నేను కొట్లాడుతా. మిగిలింది నీ నెత్తినే."

"ఉండనీ సార్."

చాయ్ బండి దగ్గర రంగా నిలబడి ఉన్నాడు. తన మీది కేసు ఇంక నిలవదని అతనికి ఎవరో చెప్పినట్టున్నారు, ముఖంలోకి నెత్తురు వచ్చింది. నారప్ప రెండడుగులు అటు వేశాడు. రంగా గ్లాసు కింద పెట్టి, రోడ్డు దాటి, అవతలి పక్కకి పోయాడు. చాయ్ ఇంకా సగముంది.

ఊళ్ళో ఆయన్ని నోరప్ప అనడం తగ్గింది. నారప్పా అని అసలు పేరు పెట్టి పిలుస్తున్నారు. గౌరవం ఇంత చేదుగా ఉంటుందని ఆయనకి ముందు తెలియదు. కొందరికి కోపం కూడా ఉంది, వచ్చే కోతలకి పోలీసులు రోడ్డు మీద కట్టె పరవనివ్వరని.

ఒక సాయంత్రం నారప్ప తల వంచుకొని సుమంగళ ఇంటి ముందునుంచి పోతున్నాడు. ఆ దారి తప్పించి ఇంకో దారి ఉంది, చుట్టు. కొన్నాళ్ళు చుట్టూనే తిరిగాడు. ఆ రోజు ఎందుకో నేరుగా వచ్చాడు. ఆమె నడక స్టాండు ముందు పెట్టుకొని గడపలో కూర్చుంది.

"కాక" అని పిలిచింది. ఆయన ఆగాడు, దగ్గరికి పోలేదు. "బర్రెను సంతకు తోలుతవంట."

"అవు టీచరమ్మ. కోర్టు ఎంతంటదో, అంతకు ముందె..."

"సంతకెందుకు. ఈడ కట్టెయ్. లాయరు సారుకు చెప్తం, నువ్వు కట్టాల్సిన లెక్కల ఏసుకుంటడు." ఆమె ముఖంలో నవ్వు లేదు, కోపమూ లేదు. "పాలు తేవద్దన్న గాని, బర్రెను తేవద్దనలే. ఆకలైతె బర్రెను పంపిస్త అంటివి గద."

అది ఆయన మాటే. తిరిగి వచ్చి ఆయన ముందే నిలబడింది. ఇంకొకప్పుడైతే దాని మీద నాలుగు మాటలు అల్లి వీధంతా నవ్వించేవాడు. నారప్ప తలూపి ముందుకు కదిలాడు.

మరునాడు పొద్దున్నే బర్రెను తోలుకుపోయాడు. అంబరీష్ గుంజ చూపించాడు. కూర్చోమనలేదు, నీళ్ళు ఇవ్వలేదు. నారప్ప పలుపు కట్టి, బర్రె నుదురు ఒకసారి నిమిరి, వెనక్కి తిరిగాడు. సుమంగళ లోపల గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినబడింది. చెయ్యాల్సింది చేసి తల వంచుకొని మర్యాదగా వెళ్ళిపోతున్నాననుకున్నాడు, జీవితంలో ఒక్కసారైనా చప్పుడు లేకుండా.

వీధి చివరికి వచ్చేసరికి వెనక గిట్టల చప్పుడు. చూస్తే బర్రె. మెడలో పలుపు ఈడ్చుకుంటూ, దానికి ఏ కోర్టూ తెలియదు గనక, రోజూలాగే ఆయన వెనకే ఇంటికి వస్తోంది. అరుగుల మీద వాళ్ళంతా చూస్తున్నారు. లారీ తాడు వదులైందని సాక్ష్యం చెప్పబోయినవాడు, బర్రెకి ఒక ముడి సరిగ్గా వేయలేకపోయాడు. ఎవరైనా ఒక్క మాటంటే బాగుండును అనుకున్నాడు. ఎవరూ అనలేదు.

పలుపు చేతికి చుట్టుకొని, బర్రెను మళ్ళించుకొని, ఒకసారి దిగి వచ్చిన ఆ గుమ్మం వైపే నారప్ప రెండోసారి నడిచాడు.